గుట్ట మీది దెయ్యపు కొంప: ‘సైకో’ ఇంటి మినియేచర్‌ను ఇంట్లోనే ఎలా చేయాలి

మీరు కట్టబోయే ఇంటికి వెనక గోడ అక్కర్లేదు. కుడి గోడా అక్కర్లేదు. ఎందుకంటే అసలు ఇంటికే అవి లేవు. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన భయానక సినిమా ‘సైకో’ కోసం యూనివర్సల్ స్టూడియో ఆవరణలో ఈ ఇంటి సెట్టు వేసినప్పుడు ముందువైపు, ఎడమవైపు మాత్రమే కట్టారు. కెమెరా ఎప్పుడూ గుట్ట కింద నుంచి, ఆ రెండు వైపులే చూస్తుంది. మిగతాది కట్టినా తెర మీదికి రాదు.

ఈ సంగతి తెలియక నేను మొదటిసారి నాలుగు గోడలూ కట్టాను. వెనక గోడకే రెండు వారాల సాయంత్రాలు పట్టాయి. ఇప్పుడది మా హాల్లో గోడకు ఆనుకుని ఉంది, ఎవరికీ కనపడదు. ఆ సమయమంతా పై అంతస్తు కిటికీ మీద పెట్టి ఉంటే ఆ మోడల్ ఇంకోలా ఉండేది. అందుకే రెండోసారి ఒక్కటే నియమం పెట్టుకున్నాను: కెమెరా చూసిందే కట్టాలి, కెమెరా నిలబడ్డ చోటి నుంచే చూపించాలి. కింద చెప్పేదంతా ఆ రెండో ఇల్లు కట్టిన పద్ధతి.

ముందు కళ్లతో కట్టండి

కత్తెర పట్టుకునే ముందు సినిమాను ఒకసారి శబ్దం తీసేసి చూడండి. ఇల్లు కనిపించిన ప్రతిచోటా ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోండి. పగటి షాట్లు కొలతలకు, రాత్రి షాట్లు వెలుతురుకు పనికొస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే రంగుల ఫొటోలు జాగ్రత్త. ఈ ఇంటిని తర్వాత స్టూడియోలోనే చోటు మార్చారు, మరమ్మతులు చేశారు, కొత్త సినిమాలకు వాడారు. ఇప్పటి ఫొటో చూసి కడితే 1960 నాటి ఇల్లు రాదు.

ఈ ఇల్లు ఏ బాణీదో తెలిస్తే చేతికి పని తేలికవుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో మూడో నెపోలియన్ కాలపు ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాకు పాకిన ‘సెకండ్ ఎంపైర్’ పద్ధతి ఇది. దాని గుర్తు మాన్‌సార్డ్ పైకప్పు. మన పెంకుటిళ్లలా మెల్లగా వాలదు. దాదాపు నిట్టనిలువుగా పైకి లేచి, పైన చదునుగా ఆగిపోతుంది. టోపీ పెట్టుకున్న మనిషిలా ఉంటుంది. ఎడ్వర్డ్ హాపర్ 1925లో రైలు పట్టాల పక్కన ఒంటరిగా నిలబడ్డ ఇలాంటి ఇంటినే చిత్రించాడు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్న ఆ బొమ్మే సినిమా ఇంటికి ప్రేరణ అంటారు. ఆ బొమ్మ ఒకసారి చూడండి. అందులో ఇంటి అడుగుభాగం పట్టాల గట్టు వెనక దాగి ఉంటుంది. ఇంటికీ మనకూ మధ్య ఏదో అడ్డం ఉండటం వల్లే దగ్గరికి పోబుద్ధి కాదు. మన మోడల్లో ఆ పని గుట్ట చేస్తుంది.

కొలతలు

నేను 1:48 స్కేలు తీసుకున్నాను. అంటే అసలు ఇంట్లో ఒక అడుగు మన మోడల్లో 6.35 మిల్లీమీటర్లు. ఆరడుగుల మనిషి 38 మిల్లీమీటర్లు. అపార్ట్‌మెంట్ షెల్ఫ్‌లో పట్టేంత చిన్నది, కిటికీ చట్రాలు చేత్తో కోయగలిగేంత పెద్దది. ఇంతకంటే చిన్నదైతే కిటికీలు చేతికి రావు, పెద్దదైతే ఇంట్లో పెట్టుకునే చోటు దొరకదు.

ఇంటి ప్లాను మన దగ్గర లేదు కాబట్టి తలుపును కొలబద్దగా పెట్టుకోవాలి. ముఖద్వారం ఏడడుగులు అనుకోండి. స్క్రీన్‌షాట్ ప్రింట్ మీద తలుపు 21 మిల్లీమీటర్లు వస్తే ఆ ప్రింట్‌లో అడుగుకు 3 మిల్లీమీటర్లు. ఆ లెక్కతో కిటికీ వెడల్పు, వరండా ఎత్తు, టవర్ ఎత్తు అన్నీ తేల్చుకోవచ్చు.

ఇక్కడే ఒక మోసం ఉంది. షాట్లన్నీ కింద నుంచి తీసినవి కాబట్టి పై అంతస్తులు ఫొటోలో అసలు కంటే పొట్టిగా పడతాయి. మా హైదరాబాద్‌లో మౌలాలి గుట్ట కింద నిలబడి పైకి చూస్తే పై మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయే, అదే ఇది. ఫొటో కొలత నేరుగా తీసుకుంటే టవర్ కుదించినట్టు వస్తుంది. పైకి పోయేకొద్దీ కిటికీ ఎత్తు, వెడల్పుల నిష్పత్తి ఎంత మారిందో చూసి, అంత మేరకు పై అంతస్తుల ఎత్తు పెంచుకోండి. నా లెక్కలో ముందు గోడ వెడల్పు 19 సెంటీమీటర్లు, టవర్ కొన వరకు ఎత్తు 28 సెంటీమీటర్లు వచ్చింది. మీకు కాస్త అటూ ఇటూ రావచ్చు, ఫరవాలేదు.

గోడలను ముందు పాత అట్టపెట్టె ముక్కలతో కోసి, టేపుతో నిలబెట్టి, రెండు రోజులు ఊరికే చూడండి. తప్పు ఉంటే ఈ దశలోనే తెలుస్తుంది.

సామాను ఎక్కడ దొరుకుతుంది

గోడలకు 5 మిల్లీమీటర్ల ఫోమ్‌బోర్డు (రెండు కాగితాల మధ్య ఫోమ్ ఉన్న అట్ట), మెట్లకు 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక) కావాలి. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు మోడళ్లకు ఇవే వాడతారు. మాసబ్ ట్యాంక్ కాలేజీ వైపు వెళ్లి ఏ విద్యార్థినడిగినా దుకాణం చూపిస్తారు. ఎల్ఈడీలు, సన్న వైరు, రెసిస్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వరండా స్తంభాలకు సన్న పూసలు బేగంబజార్‌లో తూకానికే ఇస్తారు.

గోడల మీది చెక్క పలకలకు మాత్రం నేను కొత్త అట్ట కొనలేదు. పాత శుభలేఖలు వాడాను. వాటి వెనకవైపు నున్నగా, గట్టిగా, సరైన మందంలో ఉంటుంది. ఇంట్లో చాలకపోతే చత్తా బజార్‌లో పెళ్లికార్డులు అచ్చువేసే దుకాణాల్లో కోసి పడేసిన అంచులు అడగండి. పొడవాటి పట్టీలు అక్కడే దొరుకుతాయి.

ఇవి కాక కటర్, పదీ పదిహేను కొత్త బ్లేడ్లు, స్టీలు స్కేలు, మూలమట్టం, ఫెవికాల్, ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం), గాజుగుడ్డ, అగరుబత్తి పుల్లలు, అక్రిలిక్ రంగులు. బ్లేడు విషయంలో పొదుపు చేయకండి. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ను కోయదు, చింపుతుంది. ప్రతి పది కోతలకు కొన విరిచేయండి. ఒకే కోతలో తెగాలని చూడకుండా మూడుసార్లు తేలిగ్గా గీయండి: మొదటిది పై కాగితానికి, రెండోది ఫోమ్‌కు, మూడోది కింది కాగితానికి.

గోడలు, పలకలు

ఫోమ్‌బోర్డు మీద గోడ గీసి, కిటికీల రంధ్రాలు ముందే కోసేయండి. శుభలేఖలను 4 మిల్లీమీటర్ల పట్టీలుగా కోయండి. గోడ అడుగున ముందు 1 మిల్లీమీటరు వెడల్పున్న సన్న పట్టీ ఒకటి అంటించాలి. దాని మీద మొదటి పలక కూర్చుంటే కాస్త ముందుకు వాలుతుంది. ఆ వాలు లేకపోతే కింది పలక ఒక్కటీ వేరుగా కనిపిస్తుంది. తర్వాత ఒక్కో పట్టీ కింది దాని మీదికి 1.5 మిల్లీమీటర్లు ఎక్కాలి, 2.5 మిల్లీమీటర్లు బయటికి కనపడాలి. పదిహేను సెంటీమీటర్ల గోడకు అరవై పట్టీలు పడతాయి. పట్టీలను కిటికీ రంధ్రం మీదుగా అలాగే పోనిచ్చి, ఆరాక వెనక నుంచి కోసేస్తే అంచులు శుభ్రంగా వస్తాయి. ప్రతి ఐదు వరసలకోసారి స్కేలు పెట్టి చూసుకోండి. అర మిల్లీమీటరు తేడా పైకి పోయేసరికి మూడు మిల్లీమీటర్లవుతుంది.

వానాకాలంలో చేస్తుంటే ఒక జాగ్రత్త. జూలైలో నేను అంటించిన గోడ తెల్లారేసరికి విల్లులా వంగింది. ఒకవైపే ఫెవికాల్ తడి తగిలి, ఆ వైపు కాగితం ఆరుతూ ముడుచుకోవడం వల్ల అలా అవుతుంది. వెనకవైపు కూడా ఏదైనా కాగితం అదే ఫెవికాల్‌తో అంటించి, రెండు చదునైన చెక్కల మధ్య పెట్టి, పైన బియ్యం డబ్బా లాంటి బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. అప్పటికే వంగిన గోడ కూడా ఇలా చాలావరకు దారికొస్తుంది.

రెండు గోడలూ కలిసే మూలను మూలమట్టంతో చూసి అతికించి, లోపల త్రికోణం ముక్కలు రెండు ఊతగా పెట్టండి. వెనక, కుడి వైపు తెరిచే ఉంచండి. దీపం వైర్లు పెట్టడానికీ, తర్వాత మార్చడానికీ చెయ్యి పట్టాలి.

పైకప్పు

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. టవర్ టోపీ నాలుగు ముక్కల పని. ఒక్కోటి కింద వెడల్పు, పైన సన్నం. దాని నిలువు ఎత్తు 50 మిల్లీమీటర్లు, పైకి పోయేసరికి లోపలికి 12 మిల్లీమీటర్లు వాలుతుంది అనుకోండి. ముక్కను 50కే కోస్తే చాలదు. వాలు పొడవు లెక్క వేయాలి. యాభైని యాభైతో, పన్నెండును పన్నెండుతో గుణించి కలిపితే 2644. దాని వర్గమూలం 51.4. ఆ 1.4 మిల్లీమీటర్లు వదిలేస్తే పైన నాలుగువైపులా సందు పడుతుంది, దాన్ని ఏ పుట్టీతో పూడ్చినా అతుకు కనిపిస్తుంది.

మూలలు కలిసేచోట అంచులను లోపలివైపు ఏటవాలుగా సాండ్‌పేపర్‌తో రుద్దండి. పెంకులకు మందపాటి కాగితం పట్టీ తీసుకుని, ఒక అంచున ప్రతి 3 మిల్లీమీటర్లకూ చిన్న గాటు పెట్టి, కింద నుంచి పైకి వరస మీద వరస అంటించండి. గాట్లు ఒక వరసకూ పై వరసకూ కలవకూడదు, ఇటుక గోడలోలా మధ్యలో పడాలి. చూరు కింద బ్రాకెట్లు అగరుబత్తి పుల్లలతో చేసుకోవచ్చు. వరండా స్తంభానికి పుల్ల మీద పైన ఒక పూస, కింద ఒక పూస గుచ్చితే చాలు.

ఆ ఒక్క కిటికీ

మిగతా కిటికీలన్నింటికీ కలిపి ఒక రోజు ఇవ్వండి. ఓహెచ్‌పీ షీటు ముక్క, దాని మీద సన్నటి అట్ట చట్రం, వెనక నల్ల కాగితం. అంతే. అవి చీకటిగా ఉండటమే వాటి పని.

పై అంతస్తులో, సినిమాలో ఆ ఇంట్లో ఉండే నార్మన్ వాళ్ల అమ్మ గది కిటికీకి మాత్రం ఎంత సమయమైనా ఇవ్వండి. సినిమాలో ఆ ఇంటి గురించి మనకు పుట్టే భయమంతా వెలుగుతున్న ఆ కిటికీలో ఒక ఆడమనిషి నీడ కదలడంతోనే మొదలవుతుంది. సాలెగూళ్లు, పగిలిన అద్దాలు, వంగిన తలుపులు అక్కడేమీ ఉండవు. లోపల ఎవరో ఉన్నారు, అంతే. మోడల్ చేసేవాళ్లు చాలామంది పాతబడిన ఇల్లు అనగానే బూజులు, విరిగిన కమ్మీలు పెట్టేస్తారు. ఈ ఇంటికి అది సరిపోదు. ఇక్కడ రోజూ ఊడ్చి, దీపం పెట్టి, మంచం సర్దే మనిషి ఉన్నాడు. మీ మోడల్ శుభ్రంగా ఉండాలి.

పని ఇలా చేయండి. కిటికీ వెనక 4 సెంటీమీటర్ల లోతున్న చిన్న పెట్టె కట్టండి. లోపల తెలుపు, బయట నలుపు. అద్దం వెనక బటర్ పేపర్, దాని వెనక గాజుగుడ్డ పరదా. కొత్త గాజుగుడ్డ మరీ తెల్లగా ఉంటుంది. చిక్కటి టీ డికాక్షన్‌లో పది నిమిషాలు నానబెట్టి, పిండకుండా వేలాడదీసి ఆరబెడితే వాడిన పరదా రంగు వస్తుంది. మడతలు నిలవడానికి, ఆరిన గుడ్డకు నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి, అది తడిగా ఉన్నప్పుడే సూదితో నిలువుగా గీతలు లాగండి. రెండు పరదాల మధ్య వేలి గోరంత సందు వదలండి.

నీడకు నల్ల కాగితంలో 34 మిల్లీమీటర్ల ఎత్తున్న స్త్రీ ఆకారం కోయండి. ఐదడుగుల నాలుగంగుళాలకు 1:48లో లెక్క అంతే వస్తుంది. కిటికీలో నడుము దాకానే కనపడుతుంది కాబట్టి శ్రద్ధంతా కొప్పు, మెడ, భుజం గీత మీద పెట్టండి. నేను పదకొండు ఆకారాలు కోశాను. మెడ సన్నగా ఉన్నవి అమ్మాయిలా కనిపించాయి, కొప్పు పెద్దదైనవి బొమ్మలా అనిపించాయి. చివరికి మెడను దాదాపు భుజాల్లో కలిపేసి, తల ఒక పిసరు ముందుకు వంచినప్పుడు వయసు వచ్చింది. దాన్ని కిటికీకి నడిమధ్య పెట్టకండి, ఒక పక్కకు జరపండి. నడిమధ్య ఉంటే ఫ్రేము కట్టిన ఫొటోలా ఉంటుంది, పక్కకు జరిగితే ఇప్పుడే వచ్చిందో, వెళ్లిపోబోతోందో అనిపిస్తుంది. పరదాకు 3 మిల్లీమీటర్ల వెనకే ఉండాలి. దూరం పెరిగేకొద్దీ నీడ అంచులు అలుక్కుపోతాయి.

దీపానికి వార్మ్ వైట్ ఎల్ఈడీ ఒకటి చాలు. దాన్ని కిటికీ వైపు తిప్పకండి, అలా చేస్తే మధ్యలో తెల్లటి చుక్క పడుతుంది. పెట్టె వెనక తెల్లగోడ వైపు తిప్పితే వెలుతురు అక్కడ పడి, పరుచుకుని వస్తుంది. ఫోన్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులతో నడుపుతుంటే లెక్క ప్రకారం 100 ఓమ్‌ల రెసిస్టర్ సరిపోతుంది, కానీ వెలుతురు పెళ్లి మండపంలా ఉంటుంది. 1000 ఓమ్‌లు పెట్టండి. గదిలో నూనె దీపమంత వెలుగే కావాలి. రెసిస్టర్ లేకుండా మాత్రం ఎల్ఈడీని ఎప్పుడూ నేరుగా కలపకండి, కాలిపోతుంది.

గుట్ట, మెట్లు

అడుగున 45 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క, 12 మిల్లీమీటర్ల మందం. దగ్గర్లోని వడ్రంగి దగ్గర తుక్కులో దొరుకుతుంది. దాని మీద టీవీ పెట్టెలో వచ్చిన థర్మకోల్ ముక్కలు పేర్చి, కోసి, గుట్ట ఆకారం తెండి. బొమ్మల కొలువులో అమ్మమ్మ పీటలు, డబ్బాల మీద దుప్పటి కప్పి కొండ చేసేది. లోపల ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడా అదే పద్ధతి. థర్మకోల్ మీద సగం నీళ్లు, సగం ఫెవికాల్ కలిపిన దాంట్లో ముంచిన న్యూస్‌పేపర్ ముక్కలు మూడు పొరలు వేసి, రెండు రోజులు ఆరనివ్వండి.

ఇల్లు కూర్చునే చదును ముందు అంచు కంటే 12 సెంటీమీటర్లు ఎత్తుండాలి. 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు పట్టీలతో మెట్లు వేస్తే నలభై మెట్లు వస్తాయి. ఒక్కో మెట్టు 6 మిల్లీమీటర్లు లోపలికి. మెట్లు మరీ సమానంగా వస్తే స్కేలుతో గీసినట్టుంటాయి కాబట్టి, అక్కడక్కడా అంచును వేలితో నొక్కి అరిగినట్టు చేయండి.

మన్నుకు పెరట్లో ఎండిన మట్టిని టీ జల్లెడలో జల్లించి, ఫెవికాల్ మీద చల్లండి. ఎండిపోయిన గడ్డికి కొబ్బరి పీచు సన్నగా కత్తిరిస్తే బాగుంటుంది. వాడిన టీపొడి వాడదలిస్తే రెండు మూడు రోజులు మండుటెండలో పెట్టి వాడండి. తడి మిగిలితే బూజు పడుతుంది.

థర్మకోల్, ఫోమ్‌బోర్డు అంచులు బయటికి కనిపిస్తుండగా స్ప్రే పెయింట్ కొట్టకండి. అందులోని ద్రావకం వాటిని కరిగించేస్తుంది. ఫెవిక్విక్‌తోనూ అదే ప్రమాదం. ముందు ప్రతి అంచుకూ ఫెవికాల్ పూత వేసి ఆరనివ్వాలి. అప్పుడు కూడా నేను కుంచెనే నమ్ముతాను.

రంగు

సినిమా నలుపు తెలుపుల్లో ఉంది కాబట్టి ఇల్లు కూడా బూడిద రంగుల్లోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఐదు బూడిద ఛాయలు కలిపి చిన్న సీసాల్లో పెట్టుకోండి. ఉత్త నలుపు, తెలుపు కలిపితే సిమెంటులా చచ్చుగా ఉంటుంది. గోడలకు కలిపేదాంట్లో చిటికెడు గోధుమ రంగు, పైకప్పుకు కలిపేదాంట్లో చుక్క నీలం వేయండి. కంటికి తేడా తెలియదు, కానీ చెక్కకూ పెంకుకూ ప్రాణం వస్తుంది.

గోడంతా ముదురు బూడిద పూసి, ఆరాక లేత రంగును దాదాపు పొడి కుంచెతో పలకల అంచుల మీద మాత్రమే తేల్చండి. ప్రతి పూత తర్వాత ఫోన్‌లో నలుపు తెలుపు (మోనో) ఫొటో తీసి, స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి చూడండి. పైకప్పు, గోడ, ఆకాశం అనే మూడు ఛాయలు విడివిడిగా తెలియాలి. పైకప్పు, గోడ కలిసిపోతే గోడ రంగును లేతగా చేయండి, పైకప్పును ఇంకా నల్లగా చేయకండి.

పెట్టే చోటు, ఫొటో

ఈ మోడల్‌ను టీపాయ్ మీద పెడితే పైకప్పే కనిపిస్తుంది. పడ్డ కష్టమంతా వృథా అవుతుంది. మొదటి మెట్టు మీ కంటి ఎత్తుకు రావాలి. చాలా ఇళ్లలో పుస్తకాల అలమరా పై అర అందుకు సరిపోతుంది. వెనక గోడకు ముదురు బూడిద చార్ట్ పేపర్ అంటిస్తే ఆకాశం అవుతుంది.

ఫొటోకు ఫోన్‌ను తలకిందులు చేయండి. అప్పుడు లెన్స్ కిందికి వచ్చి మెట్ల మట్టానికి ఆనుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. దగ్గర నుంచి మామూలు లెన్స్‌తో తీస్తే గోడలు వంగి, బొమ్మ బొమ్మలాగే పడుతుంది. హిచ్‌కాక్ ఈ సినిమాను ఎక్కువగా 50 మిల్లీమీటర్ల లెన్స్‌తోనే తీయించాడు, మనిషి చూపుకు దగ్గరగా ఉంటుందని.

రాత్రి గది లైట్లన్నీ ఆర్పి, ఎల్ఈడీ వెలిగించి, ఐదు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. అప్పుడు ఇంటి చుట్టూ నెమ్మదిగా చూడండి. గోడ మూల నుంచో, చూరు కింద నుంచో ఎక్కడో సన్నటి వెలుతురు గీత కారుతూ ఉంటుంది. అలాంటి గీత ఒక్కటి ఉన్నా ఇల్లు అట్టపెట్టె అయిపోతుంది. వెనక నుంచి చెయ్యి పెట్టి ఆ సందుకు నల్ల టేపు వేయండి, మళ్లీ ముందుకు వచ్చి చూడండి. నాకు అలాంటివి ఏడు చోట్ల దొరికాయి. ఏడోది మూసేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. చీకట్లో గుట్ట, గోడలు, టవర్ ఏవీ కనపడకుండా పోయి, పైన ఆ ఒక్క కిటికీ మాత్రం మిగిలింది.